తెలుగు మీదుగానే హెబ్రీ, గ్రీకు: బైబిలు మూలభాషలు నేర్పే యాప్‌ను తయారుచేసే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు సంఘాలలో పరిచర్య చేసే పాస్టరుగార్లకూ, బైబిలు శిక్షణ పాఠశాలల్లో చదువుకునే యువకులకూ మూలభాషల మీద ఆసక్తి లేక కాదు. ఆ ఆసక్తి అక్షరమాల దాటి ముందుకు సాగకపోవడానికి కారణం వేరే ఉంది. దొరికే యాప్‌లు చాలావరకు హెబ్రీని, గ్రీకును ఇంగ్లీషు ద్వారా నేర్పుతాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా చదివి, ఇంగ్లీషును పాఠ్యపుస్తకం మేరకే ఎరిగిన మనిషికి ఆ యాప్ చేతికిస్తే, అతడు గ్రీకు విభక్తిని అర్థం చేసుకోవడానికి ముందు విభక్తులే సరిగా లేని ఇంగ్లీషులో దాని వివరణను అర్థం చేసుకోవలసి వస్తుంది. తెలుగు వ్యాకరణంలో ఆ విభక్తి ఎదురుగానే ఉండగా ఈ చుట్టుతిరుగుడు అనవసరం. అందుచేత ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా ఒక్క నిర్ణయం మీద నిలబడి ఉంది: మూలభాషకూ తెలుగుకూ మధ్య మూడో భాష ఉండకూడదు. తెర అమరిక, అర్థాల పట్టిక, అభ్యాసాలు, ధ్వని అన్నీ ఆ నిర్ణయాన్ని బట్టే రూపొందాలి.

కొంచెం ప్రోగ్రామింగ్ తెలిసిన ఒకరు, హెబ్రీ గాని గ్రీకు గాని క్రమంగా చదువుకున్న ఒకరు, మంచి తెలుగు రాయగల ఒకరు కలిస్తే ఈ పని సాధ్యమే. ముగ్గురూ ఒకే మనిషి కావడం అరుదు కాబట్టి పనిని మొదట్నుంచీ ముగ్గురికి పంచే విధంగానే ఏర్పాటు చేసుకోవడం మేలు.

పరిధిని కుదించుకోవడం

బైబిలు మొత్తాన్నీ యాప్‌లో పెట్టాలనే కోరిక సహజమే కాని, అలా మొదలుపెట్టిన పనులు సాధారణంగా ఆదికాండము మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోతాయి. హెబ్రీకి రూతు గ్రంథాన్ని, గ్రీకుకు యోహాను మొదటి పత్రికను తీసుకోవాలని నా సలహా. రూతులో 4 అధ్యాయాలు, 85 వచనాలు ఉన్నాయి. కథ సూటిగా సాగుతుంది, సంభాషణలు ఎక్కువ, పొలం, కోత, కళ్లం వంటి మాటలు పల్లె మనుషులకు పరిచయమైనవే. యోహాను మొదటి పత్రికలో 5 అధ్యాయాలు, 105 వచనాలు. అందులోని పదజాలం పరిమితం, అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. గ్రీకు కొత్త నిబంధన మొత్తంలో సుమారు 5,400 వేర్వేరు పదాలు ఉన్నప్పటికీ, 50 సార్లకు తక్కువ కాకుండా కనిపించే 300 పైచిలుకు పదాలే ఇంచుమించు ఐదింట నాలుగు వంతుల పాఠాన్ని ఆక్రమిస్తాయి. కాబట్టి చిన్న పత్రికతో మొదలుపెట్టినవాడు సువార్తలలోకి వెళ్లినప్పుడు పూర్తిగా కొత్తవాడుగా ఉండడు.

యోనా గ్రంథం రూతు కంటె చిన్నది గదా అని అడగవచ్చు. నిజమే, కాని తెలుగు బైబిలులో యోనా 1:17గా ఉన్న వచనం హెబ్రీలో 2:1 అవుతుంది. యోవేలు హెబ్రీలో 4 అధ్యాయాలు, తెలుగులో 3. మలాకీ హెబ్రీలో 3, తెలుగులో 4. కీర్తనలలో పైనున్న శీర్షికను హెబ్రీ పాఠం చాలాచోట్ల మొదటి వచనంగా లెక్కిస్తుంది. ఇటువంటి తేడాలకు తర్వాత ఒక సరిపోలిక పట్టిక రాసుకోక తప్పదు. మొదటి గ్రంథంతోనే ఆ చిక్కులో పడవలసిన అవసరం లేదు.

అరామిక్‌ను రెండో దశకు వాయిదా వేయడం మంచిది. దానియేలు 2:4 నడుమ నుండి 7వ అధ్యాయం చివరి వరకు, ఎజ్రా 4:8 నుండి 6:18 వరకు, 7:12 నుండి 26 వరకు, యిర్మియా 10:11, ఆదికాండము 31:47లో రెండు మాటలు మాత్రమే ఆ భాషలో ఉన్నాయి. లిపి హెబ్రీదే కాబట్టి, అక్షరాల కోసం చేసిన పని అంతా అప్పుడు తిరిగి ఉపయోగపడుతుంది.

పాఠం, పదవిశ్లేషణ, హక్కులు

ముద్రిత గ్రంథం నుండి పాఠాన్ని మీరు టైపు చేయనక్కరలేదు, చేయకూడదు కూడా. హెబ్రీకి 1008వ సంవత్సరం నాటి లెనిన్‌గ్రాడ్ ప్రతి ఆధారంగా తయారైన వెస్ట్‌మిన్‌స్టర్ లెనిన్‌గ్రాడ్ కోడెక్స్ డిజిటల్ పాఠం స్వేచ్ఛగా దొరుకుతుంది. దానికి ప్రతి పదానికీ వ్యాకరణ సంకేతం చేర్చిన ఓపెన్ స్క్రిప్చర్స్ హీబ్రూ బైబిల్ క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో అందుబాటులో ఉంది. గ్రీకుకు 2010లో వెలువడిన ఎస్‌బీఎల్ గ్రీకు కొత్త నిబంధన, దాని మీద పదవిశ్లేషణ చేసిన మార్ఫ్‌జీఎన్‌టీ ఉన్నాయి. పండితులు ఉదహరించే నెస్లే–ఆలండ్ 28వ కూర్పుకూ, జర్మనీలో అచ్చయిన హెబ్రీ విమర్శనాత్మక కూర్పుకూ ప్రచురణ హక్కులు ఉన్నాయి. అవి ఎక్కడో ఫైలు రూపంలో దొరికినంత మాత్రాన యాప్‌లో పెట్టడానికి వీలులేదు. తెలుగు అనువాదం విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఇళ్లలో అందరికీ ఉన్న బైబిలు పాఠాన్ని ప్రచురణకర్తల లిఖితపూర్వక అనుమతి లేకుండా చేర్చకండి. అసలు ఈ యాప్‌కు పూర్తి అనువాదం అవసరమా అన్నది నా సందేహం, ఎందుకంటే నేర్చుకునేవాడి పక్కన ముద్రిత బైబిలు ఎలాగూ ఉంటుంది.

మార్ఫ్‌జీఎన్‌టీ విశ్లేషణకు ‘అదే షరతుతో పంచుకోవాలి’ అనే నిబంధన ఉంది. దాన్ని సరిచేసి, మార్చి వాడితే, మార్చిన దత్తాంశాన్ని అదే లైసెన్సుతో ఇతరులకూ అందుబాటులో ఉంచాలి. కాబట్టి పాఠం, విశ్లేషణ, మీరు రాసిన తెలుగు అర్థాలు, ధ్వని ముద్రణలు నాలుగింటినీ వేర్వేరు ఫైళ్లలో ఉంచి, ప్రతి పదానికీ ఒక స్థిరమైన గుర్తింపు సంఖ్య ఇచ్చి దాని ద్వారా కలపండి. అన్నీ ఒకే పట్టికలో కలిపేస్తే, ఏది ఎవరి హక్కో ఆరునెలల తర్వాత మీకే తెలియదు.

ఈ దత్తాంశం ఎలా ఉంటుందో ఒక్క పదం దగ్గర చూద్దాం. రూతు 1:1లో రెండో మాట ‘బిమే’. హెబ్రీ ఫైలులో దాని మధ్య ఒక గీత ఉంటుంది: ముందు భాగం ‘బి’ అనే ఉపసర్గ, తర్వాతి భాగం దినములు అనే నామం. పక్కనున్న సంకేతంలో మొదటి అక్షరం హెచ్, అంటే హెబ్రీ. అరామిక్ పదమైతే అక్కడ ఏ ఉంటుంది. తర్వాత ఆర్ అంటే ఉపసర్గ, గీత తర్వాత ఎన్ అంటే నామవాచకం, దాని వెనుక వరుసగా జాతివాచకం, పుంలింగం, బహువచనం, మరో నామంతో బంధింపబడిన రూపం అని నాలుగు అక్షరాలు. ఈ సంకేతాలను తెలుగు వ్యాకరణ పదాలలోకి మార్చే చిన్న పట్టికను ఒక్కసారి రాసుకుంటే చాలు, మొత్తం పాత నిబంధనకు పనికివస్తుంది. గ్రీకు ఫైలులో ప్రతి పదానికీ ఒక వరుస, అందులో ఏడు గడులు: గ్రంథం, అధ్యాయం, వచనం కలిపిన ఆరంకెల సంఖ్య, భాషాభాగం, ఎనిమిది స్థానాల సంకేతం, విరామచిహ్నాలతో పాఠం, అవి లేకుండా పదం, ప్రామాణిక రూపం, నిఘంటు రూపం. ఎనిమిది స్థానాలు వరుసగా పురుష, కాలం, ప్రయోగం, క్రియాభావం, విభక్తి, వచనం, లింగం, తరతమ భేదం.

రూతులో మరొక్క సంగతి గమనించాలి. లేఖకులు రాసినదాని కంటె వేరుగా చదవవలసిన చోట్లు ఉన్నాయి. 3:5లోను, 3:17లోను ‘నాతో’ అనే మాట రాతలో లేదు, చదువులో ఉంది. దత్తాంశంలో ఈ రెండు పాఠాలూ గుర్తించబడి ఉంటాయి. తెర మీద చదివే పాఠాన్నే చూపి, తాకినప్పుడు మాత్రమే రాత పాఠాన్ని చూపడం ప్రారంభకులకు అనుకూలం.

హెబ్రీ కింద తెలుగు: అమరికలో ఉన్న అసలు లాభం

ఈ పనిలో అన్నిటికంటె ఎక్కువ ఆలోచన పెట్టవలసిన చోటు ఇదే. హెబ్రీలో క్రియ సాధారణంగా ముందు వస్తుంది, ఉపసర్గలు నామానికి ముందు తగులుకుంటాయి, ‘రాజు మాట’ అనవలసినచోట ‘మాట–రాజు’ అనే వరుస ఉంటుంది. తెలుగులో ఇవన్నీ సరిగ్గా ఎదురు: క్రియ చివర, విభక్తి ప్రత్యయం వెనుక, స్వామి ముందు, సొత్తు తర్వాత. అంటే హెబ్రీ వాక్యాన్ని చివర నుండి మొదటికి చదివితే చాలాచోట్ల తెలుగు వరుస వస్తుంది. హెబ్రీని కుడినుంచి ఎడమకు రాస్తారు. కాబట్టి ప్రతి హెబ్రీ పదం కిందా దాని తెలుగు అర్థాన్ని ఉంచి, ఆ కింది వరుసను మనకు అలవాటైన విధంగా ఎడమనుంచి కుడికి చదివితే, ఇంచుమించు సహజమైన తెలుగు వాక్యమే వస్తుంది.

రూతు మొదటి వచనంలోని రెండో పదబంధాన్ని తీసుకోండి: ‘వయ్‌హీ రాఆవ్ బాఆరెత్స్’. తెర మీద కుడి చివర ‘వయ్‌హీ’, దాని కింద ‘కలిగెను’. మధ్యలో ‘రాఆవ్’, దాని కింద ‘కరవు’. ఎడమ చివర ‘బాఆరెత్స్’, దాని కింద ‘దేశములో’. కింది వరుసను ఎడమనుంచి చదివితే ‘దేశములో కరవు కలిగెను’. పదం లోపల కూడా ఇదే జరుగుతుంది: ‘బాఆరెత్స్’లో ‘బా’ కుడివైపు ఉంటుంది, ‘దేశములో’లో ‘లో’ కూడా కుడివైపే ఉంటుంది, కాబట్టి ఉపసర్గకు పసుపు రంగు వేస్తే దాని ప్రత్యయం సరిగ్గా దాని కిందకే వస్తుంది. మొదటి పదబంధంలో ‘బిమే షెఫోత్ హష్షోఫెతీమ్’ అనే మూడు మాటల కింద వరుస ‘న్యాయాధిపతుల – ఏలుబడి – దినములలో’ అవుతుంది. ఇంగ్లీషు యాప్‌ను తెలుగులోకి మార్చినంత మాత్రాన ఈ సౌకర్యం రాదు; వాటిలో కింది వరుసను వదిలేసి పైవరుసనే అనుసరించేలా బాణాలు, అంకెలు పెడతారు. మనకు ఆ బాణాలు అడ్డం.

ఇది పనిచేయాలంటే రెండు నియమాలు పాటించాలి. ఒకటి, వచనాన్ని మోసే పెట్టెకు దిశను కుడినుంచి ఎడమకు అని, ప్రతి పదం కింది తెలుగు గడికి మాత్రం ఎడమనుంచి కుడికి అని హెచ్‌టీఎంఎల్‌లో విడివిడిగా ప్రకటించాలి. తెలుగు వివరణ వాక్యం మధ్యలో హెబ్రీ మాట వచ్చినప్పుడు దాన్ని బీడీఐ ట్యాగులో (ఆ మాట దిశను చుట్టూ ఉన్న వాక్యం నుండి వేరుచేసే హెచ్‌టీఎంఎల్ గుర్తులో) ఉంచకపోతే, పక్కనున్న వచన సంఖ్యలూ కుండలీకరణాలూ గెంతి అవతలి వైపుకు పోతాయి. రెండోది ఇంకా ముఖ్యం. వచనం పొడవై రెండో వరుసలోకి జారినప్పుడు, అది ఎక్కడపడితే అక్కడ విరిగితే కింది తెలుగు ముక్కలవుతుంది. కాబట్టి తెర వెడల్పును బట్టి కాక పదబంధాన్ని బట్టి వరుస విరవాలి. ఆ పదబంధం ఎక్కడ ముగుస్తుందో చెప్పే గుర్తులు హెబ్రీ పాఠంలోనే ఉన్నాయి. అవి పఠన స్వరాల చిహ్నాలు. రూతు 1:1లో ‘హష్షోఫెతీమ్’ మీద జాకేఫ్, ‘బాఆరెత్స్’ కింద అత్నాహ్, తర్వాతి భాగం చివర ‘యెహూదా’ మీద రెవీఅ ఉన్నాయి. ఈ మూడు చోట్లా విరిస్తే మూడు వరుసలూ మూడు పూర్తి తెలుగు పదబంధాలుగా నిలుస్తాయి. ప్రారంభకుడికి ఈ స్వర చిహ్నాలు కనిపించకుండా దాచి, వరుసలు విరవడానికి మాత్రం ప్రోగ్రాము వాటినే వాడుకోవాలి.

ఈ వరుస ప్రతిచోటా కలవదు. కర్మకూ కర్తకూ స్థానాలు మారిన చోట, పద్యభాగాలలో, సంబంధార్థక ఉపవాక్యాలున్న చోట తెలుగు తడబడుతుంది. అక్కడ కృత్రిమంగా సర్దకుండా, అర్థాలను పదాల కిందే ఉంచి, ఆ వరుస పక్కన చిన్న గుర్తు పెట్టి, తాకితే సరైన తెలుగు వాక్యం కనిపించేలా చేయండి.

మరో చోట కూడా మన భాషే పొరపాటుకు దారితీస్తుంది. నయోమి తన కోడళ్లతో ‘షోవ్నా’ అంటుంది. అది స్త్రీలింగ బహువచన ఆజ్ఞార్థకం. తెలుగులో ‘తిరిగి వెళ్లండి’ అని అర్థం ఇస్తే, మన విద్యార్థి దాన్ని గౌరవంగా పలికిన మాట అనుకుంటాడు, ఎందుకంటే మనకు ‘అండి’ ఒక్కరితో మాట్లాడినా వస్తుంది. పైగా ఎదుట ఉన్నది ఆడవారా మగవారా అన్నది తెలుగు మధ్యమ పురుష క్రియలో కనిపించదు. హెబ్రీ బహువచనానికి ఈ గౌరవార్థం లేదు. అందుచేత ప్రతి మధ్యమ పురుష క్రియ కింద అర్థంతోపాటు ‘ఇద్దరు స్త్రీలతో’, ‘ఒక పురుషునితో’ వంటి చిన్న సూచన తప్పనిసరిగా ఉండాలి.

గ్రీకు: విభక్తులు, ‘కొను’

గ్రీకులో పదక్రమం స్వేచ్ఛగా ఉంటుంది, అర్థాన్ని విభక్తులు మోస్తాయి. ఇది తెలుగువారికి కొత్త కాదు. ప్రథమా, ద్వితీయా, షష్ఠీ, చతుర్థీ, సంబోధన అనే పేర్లను వాడి, ఒక్కో విభక్తికి ఒక్కో రంగు ఇచ్చి, నామం కింద ‘ని/ను’, ‘యొక్క’, ‘కి/కు’ అని చూపితే ఐదు విభక్తుల పట్టిక కొద్ది పాఠాలలోనే బోధపడుతుంది. (తెలుగు సంప్రదాయ వ్యాకరణం ‘కి, కు’లను షష్ఠిలో పెట్టిన మాట నిజమే, యాప్‌లో ఆ చర్చకు దిగకుండా, పేరుతోపాటు ప్రత్యయాన్ని కూడా ఎప్పుడూ పక్కనే చూపిస్తే గందరగోళం ఉండదు.) అయితే ఈ పోలికను అతిగా లాగకూడదు. యోహాను మొదటి పత్రిక 1:1లో ‘పెరి తూ లొగూ’ అనేచోట ‘పెరి’ తర్వాత నామం షష్ఠిలో ఉంది. తెలుగులో ‘గురించి’ ద్వితీయతో వస్తుంది. ఉపసర్గల పాఠాలలో ‘ఈ ఉపసర్గ ఈ విభక్తిని కోరుతుంది’ అని గ్రీకు నియమాన్నే నేర్పాలి, అర్థాన్ని విడిగా ఇవ్వాలి.

ఇంగ్లీషు పుస్తకాలు అధ్యాయాలకు అధ్యాయాలు రాసే మధ్యమ ప్రయోగం మాత్రం మన దగ్గర ఒక్క పాఠంలో తేలుతుంది. యోహాను సువార్త 13:5లో యేసు శిష్యుల పాదాలను కడుగుతాడు. అక్కడి మాట ‘నిప్తెయిన్’, కర్తరి ప్రయోగం. 9:7లో గుడ్డివాడు సిలోయము కోనేటిలో కడుక్కుంటాడు. అక్కడి మాట ‘ఎనిప్సతొ’, మధ్యమ ప్రయోగం. కడుగు, కడుక్కొను అనే జంటను తెర మీద పక్కపక్కన పెట్టి, ఆ తర్వాత మిగతా క్రియలకు విద్యార్థి చేతనే ‘కొను’ చేర్పించే అభ్యాసం ఇవ్వండి. ‘కొను’ అతకని మధ్యమ క్రియలు చాలానే ఉన్నాయి గనుక వాటిని నిఘంటు రూపంతో సహా ప్రత్యేకంగా గుర్తించి, ఈ అభ్యాసంలోకి రానివ్వకండి.

తెలుగులో లేనిది గ్రీకు ఆర్టికల్, అంటే ఇంగ్లీషులో ‘ది’ లాగా నామంతో వచ్చే చిన్న మాట. దానికి ‘ఆ’ అని అర్థం ఇవ్వడం సులభమే గాని తప్పుదారి పట్టిస్తుంది. అర్థం గడిలో ఏమీ రాయకుండా, తన నామానికున్న రంగునే ఆర్టికల్‌కు కూడా వేయండి. ఏది దేనికి చెందిందో చూపడమే దాని ముఖ్యమైన ఉపయోగం.

ఉచ్చారణ తెలుగు లిపిలో, ఒడియా లిపిలో

గ్రీకులో ఎ, ఏ లకూ, ఒ, ఓ లకూ వేర్వేరు అక్షరాలున్నాయి. తెలుగు లిపి ఆ నాలుగింటినీ ఉన్నవి ఉన్నట్టు రాయగలదు. ‘లొగొస్’, ‘జోఏ’ అని రాస్తే ఏ అచ్చు హ్రస్వమో ఏది దీర్ఘమో కంటికే తెలుస్తుంది. కాబట్టి అలవాటుగా ‘లోగోస్’ అని రాయకుండా, యాప్ అంతటా హ్రస్వ దీర్ఘాలను కచ్చితంగా పాటించండి.

సరిహద్దు జిల్లాలలో ఇంకో అవసరం ఉంది. తెలుగు మాట్లాడగలిగి, చదవడం మాత్రం ఒడియా లిపిలోనే అలవాటైన పిల్లలు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. వారి కోసం లిపి మార్చే మీట పెట్టాలనుకుంటే, ప్రోగ్రామరుకు వెంటనే తోచే ఉపాయం ఒకటుంది: ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు అక్షరాల సంఖ్యల నుండి 256 తీసివేస్తే అదే వరుసలో ఒడియా అక్షరాలు వస్తాయి. ‘క’కు ‘క’, ‘మ’కు ‘మ’ సరిగ్గానే వస్తాయి. కాని హ్రస్వ ‘ఎ’, హ్రస్వ ‘ఒ’, వాటి గుణింతపు గుర్తులు ఉండవలసిన స్థానాలు ఒడియా పట్టికలో ఖాళీ; తెర మీద అక్కడ డబ్బాలు కనిపిస్తాయి. డబ్బాలను తప్పించడానికి దీర్ఘాలు పెడితే గ్రీకు భేదం పోతుంది. దీనికి తోడు ఒడియా చదివేవారు ‘అ’ను ‘ఒ’కు దగ్గరగా పలుకుతారు, బ–వ భేదం కూడా ఆ రాతలో బలహీనం, హెబ్రీలో చుక్క ఉన్న బేత్ (బ), లేని బేత్ (వ) రెండూ వారికి ఒకటే అయిపోతాయి. అందువల్ల వివరణలను ఒడియా లిపిలో ఇవ్వవచ్చు గాని, ఉచ్చారణను మాత్రం ఆ లిపి మీద ఆధారపెట్టకండి. వారికి ధ్వనినే మొదటి ఆధారంగా ఉంచండి. నిజానికి తెలుగు చదివేవారికి కూడా ఉచ్చారణ రాత అక్షరమాల పాఠాలు ముగిసేవరకే కనిపించి, ఆ తర్వాత తాకితేనే కనిపించాలి. ఎప్పుడూ కింద కనిపిస్తూ ఉంటే కళ్లు దాని మీదకే పోతాయి, హెబ్రీ అక్షరం చదవడం ఎన్నటికీ రాదు.

పర్లాకిమిడిలో ఉండి సవర భాషను సవరల నోటనే విని నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారి పని ఈ ప్రాంతం వారికి తెలిసినదే. చెవిని ముందుపెట్టిన ఆయన క్రమం ఈ యాప్‌కూ సరిపోతుంది: ప్రతి వచనం మొదట వినిపించాలి, తర్వాత కనిపించాలి.

ధ్వని ముద్రణకు యంత్ర స్వరాన్ని నమ్ముకోకండి. అచ్చు గుర్తులున్న ప్రాచీన హెబ్రీని అది తరచూ తప్పు పలుకుతుంది. ఆ భాష నేర్చిన మనిషి చేత చదివించి, ధ్వనిని కుదించే ఓపస్ పద్ధతిలో సెకనుకు 24 కిలోబిట్ల చొప్పున భద్రపరిస్తే సెకనుకు 3 కిలోబైట్లు అవుతుంది. వచనానికి సగటున 15 సెకన్లు అనుకున్నా రూతు మొత్తం 4 మెగాబైట్ల లోపే. చదవడానికి ముందే రెండు నిర్ణయాలు రాసి పెట్టుకోవాలి: గ్రీకు ఏ ఉచ్చారణ సంప్రదాయంలో చదవాలి, హెబ్రీలో దేవుని నామం వచ్చినచోట యూదుల పఠన సంప్రదాయం ప్రకారం ‘అదోనాయ్’ అని చదవాలా లేక తెలుగు బైబిలు వాడుక ప్రకారం చదవాలా. నా మొగ్గు ‘అదోనాయ్’ వైపే, కాని సంఘ పెద్దలను అడిగి నిర్ణయించడం మంచిది.

అభ్యాసాలు, పునశ్చరణ

హెబ్రీ కీబోర్డు ఎవరి ఫోనులోనూ ఉండదు కాబట్టి టైపు చేయించే అభ్యాసం వద్దు. పదాన్ని ముక్కలుగా విడగొట్టడం, ముక్కలను వరుసగా పేర్చడం, విని సరైన పదాన్ని తాకడం చాలు. సమాధానాల ఎంపికలో తప్పు జవాబులను యాదృచ్ఛికంగా వేయకండి. అదే ధాతువు నుండి పురుషో లింగమో మారిన రూపాలను వేయండి. రూతు మొదటి అధ్యాయంలో ‘షూవ్’ అనే ఒక్క ధాతువే 12 సార్లు వేర్వేరు రూపాలలో వస్తుంది. ఈ అభ్యాసానికి అంతకంటె మంచి సామగ్రి దొరకదు. అక్షరమాల దశలో దాలెత్–రేష్, బేత్–కాఫ్, హే–హేత్ జంటలను మాత్రం పెద్ద అక్షరాలలో, పక్కపక్కనే చూపాలి.

టైపు చేయించకపోయినా పదాలను పోల్చవలసిన సందర్భాలు ప్రోగ్రాములో వస్తాయి. గ్రీకులో స్వరం పెట్టిన ఆల్ఫాకు యూనికోడ్‌లో రెండు వేర్వేరు సంఖ్యలు ఉన్నాయి; హెబ్రీలో ఒకే అక్షరానికి తగిలిన చుక్కలు, అచ్చులు రెండు వరుసల్లో రాయబడి ఉండవచ్చు. కంటికి ఒకేలా ఉన్న పదాలను ప్రోగ్రాము వేరని చెప్పకుండా ఉండాలంటే, పోల్చే ముందు రెండిటినీ ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ ప్రామాణిక రూపంలోకి మార్చాలి.

పునశ్చరణకు 1987 నాటి ఎస్‌ఎం–2 పద్ధతి ఇప్పటికీ సరిపోతుంది. ఒక వైపు ప్రశ్న, మరో వైపు జవాబు ఉన్న కార్డును సరిగ్గా చెబితే, అది మొదట 1 రోజుకు, తర్వాత 6 రోజులకు, ఆపైన గత వ్యవధిని ఒక గుణకంతో హెచ్చించగా వచ్చిన రోజులకు మళ్లీ వస్తుంది, గుణకం 2.5తో మొదలై, తడబాటును బట్టి తగ్గుతూ 1.3 దగ్గర ఆగుతుంది. అంటే తడబడని కార్డు 1, 6, 15, 38 రోజుల ఎడంతో కనిపిస్తుంది. మూల పద్ధతిలోని ఆరు స్థాయిల మార్కులకు బదులు ‘రాలేదు’, ‘తడబడ్డాను’, ‘వచ్చింది’ అనే మూడు మీటలు పెట్టండి. కార్డు మీద ఒంటరి పదం కాక, అది వచ్చిన పదబంధం ఉండాలి. డిసెంబరులో ఒకవైపు వరి కోతలు, మరోవైపు క్రిస్మస్ కూడికలు ఉండి ఎవరూ యాప్ తెరవరు. జనవరిలో తెరిచేసరికి వందల కార్డులు ఎదురైతే అక్కడితో మానేస్తారు. రోజుకు 30కి మించి చూపకుండా, మిగిలినవాటిని మెల్లగా సర్దే నియమం మొదటే రాయండి.

ఫోనులోకి చేర్చడం, సరిచూడడం

గుణుపురం దాటి కొండల్లోకి వెళ్లిన కొద్దీ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోలేం. అందుకే అన్నీ ఫోనులోనే ఉండాలి, ఖాతా తెరవడం, లాగిన్ వంటివి ఉండకూడదు. మామూలు వెబ్ పద్ధతిలో రాసి, కెపాసిటర్ వంటి సాధనంతో ఏపీకే ఫైలుగా (ఆండ్రాయిడ్ యాప్ ఫైలుగా) మార్చడాన్ని నేను ఇష్టపడతాను. ఆ ఫైలు ఒక ఫోను నుండి మరో ఫోనుకు బ్లూటూత్‌లో వెళ్తుంది. బ్రౌజరులోనే ఉంచితే, ఫోనులో చోటు తగ్గినప్పుడు నిల్వ చెరిగిపోయి విద్యార్థి ప్రగతి అంతా పోవచ్చు. ఏ పద్ధతిలోనైనా ప్రగతిని ఒక చిన్న ఫైలుగా బయటికి తీసి పెట్టుకునే మీట ఉండాలి. ఖతులను (ఫాంట్లను) కూడా యాప్‌లోనే చేర్చాలి: హెబ్రీకి ఎజ్రా ఎస్‌ఐఎల్, గ్రీకుకు జెంటియమ్, తెలుగుకు నోటో, మూడూ స్వేచ్ఛా లైసెన్సు ఖతులే. హెబ్రీ చుక్కలకూ తెలుగు వత్తులకూ చోటు చాలాలంటే వరుసల ఎత్తు అక్షర పరిమాణానికి దాదాపు రెట్టింపు ఉంచాలి.

ఇతరులకు ఇచ్చే ముందు ముగ్గురి చేతికి ఇచ్చి, మీరు పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడండి: చత్వారం వచ్చిన పాస్టరుగారు ఒకరు, శిక్షణ పాఠశాల విద్యార్థి ఒకరు, ఒడియా మాధ్యమంలో చదివిన అమ్మాయి ఒకరు. వేలు ఎక్కడ ఆగుతుందో, ఏ మీటను అక్కరలేకుండా నొక్కుతున్నారో రాసుకోండి. అర్థాలలో తప్పులు మాత్రం ఇలా బయటపడవు. వాటి కోసం ప్రతి వచనం మూలలో ఒక మీట పెట్టి, అది నొక్కితే గ్రంథం, వచనం, పదం గుర్తింపు సంఖ్య, యాప్ కూర్పు సంఖ్య ముందే నిండిన సందేశం వాట్సాప్‌లో తెరుచుకునేలా చేయండి. వచ్చిన సవరణలను ఆ భాష తెలిసిన వ్యక్తి చూసి ఒప్పుకున్నాకే అర్థాల ఫైలులో చేర్చాలి, చేర్చినప్పుడు ఆ ఫైలు కూర్పు సంఖ్యను మాత్రమే పెంచాలి. అలా చేస్తే, కొత్త యాప్ మొత్తాన్ని పంపకుండా కొద్ది కిలోబైట్ల అర్థాల ఫైలు ఒక్కటే అందరికీ పంపితే సరిపోతుంది.